రోలింగ్ డిస్ట్రోలో స్టేబుల్ ఛానెల్: ఎంచుకోవడం, మారడం, అవసరమైతే వెనక్కి రావడం

రోలింగ్ డిస్ట్రోలో, అంటే కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వస్తూనే ఉండే లినక్స్‌లో, "స్టేబుల్" అని పేరున్న ఛానెల్ (అప్‌డేట్లు వచ్చే దారి) పెట్టుకున్నాం కాబట్టి ఇక ఏదీ పాడవదని అనుకుంటే, మొదటి పెద్ద అప్‌డేట్ రోజే టెన్షన్ మొదలవుతుంది. డెబియన్ స్టేబుల్‌లో వెర్షన్లు కదలవు, సుమారు రెండేళ్లపాటు అవే ప్రోగ్రాములు, వాటికి సెక్యూరిటీ ప్యాచ్‌లు, ముఖ్యమైన బగ్గులకు సవరణలు, అంతవరకే. రోలింగ్‌లో వెర్షన్లు మారుతూనే ఉంటాయి, కాకపోతే కొన్ని రోజులో కొన్ని వారాలో ఎక్కడో ఆగి, ఏదో ఒక పరీక్ష దాటి మీ దగ్గరికి వస్తాయి. కాబట్టి ఏ ఛానెల్ మంచిదో అడిగే ముందు మూడు సంగతులు తెలుసుకోండి: ప్యాకేజీ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన ప్రోగ్రామ్) ఎంతకాలం ఆగుతుంది, ఆలోపు దాన్ని ఎవరు చూస్తారు, తేడా వస్తే నేను వెనక్కి ఎలా వస్తాను. మూడోదానికి జవాబు లేకుండా ఛానెల్ మార్చకండి. పైకి, అంటే ఇంకా కొత్త వెర్షన్లుండే ఛానెల్‌కి, వెళ్లడం రెండు మూడు కమాండ్ల పని, కిందికి దిగడం మాత్రం చాలా డిస్ట్రోల్లో ఎవరూ హామీ ఇవ్వని పని.

ముందే చెప్పాలి, ఇందులో కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాశాను, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. సిస్టమ్‌ని మార్చే ప్రతి కమాండ్‌కీ ముందు సుడో (అడ్మిన్ హక్కులిచ్చే మాట) ఉంటుందనే అనుకోండి.

ప్యాకేజీ ఎక్కడ ఆగుతుంది, ఎవరు చూస్తారు

ఆర్చ్‌లో కీలకమైన ప్యాకేజీలు ముందు కోర్-టెస్టింగ్ అనే రెపోలోకి (ప్యాకేజీలు దాచే సర్వర్ అరలోకి) వస్తాయి, అక్కడ కొందరు వాడి చూసి సరేనన్నాక కోర్‌లోకి వస్తాయి. ఎక్స్‌ట్రాలో ఉండే మామూలు ప్రోగ్రాములు చాలావరకు నేరుగానే వచ్చేస్తాయి. ఆర్చ్‌లో ఇంతకు మించి ఆలస్యం లేదు, ఉండాలని వాళ్లు కోరుకోరు కూడా. మంజారో అదే ఆర్చ్ ప్యాకేజీల్ని తీసుకుని మూడు బ్రాంచ్‌లుగా నడుపుతుంది. అన్‌స్టేబుల్ దాదాపు ఆర్చ్‌తో పాటే నడుస్తుంది, అందులోంచి టెస్టింగ్‌కి, అక్కడినుంచి స్టేబుల్‌కి గుంపులు గుంపులుగా పంపుతారు. ఫలానా తేదీన అని ఏమీ ఉండదు, వాళ్లకి కుదిరిందనిపించినప్పుడు ఒకేసారి పెద్ద మూటే వస్తుంది.

ఓపెన్‌సూసే పద్ధతి వేరు. కొత్త ప్యాకేజీలన్నీ ఫ్యాక్టరీ అనే చోట చేరతాయి, వాటితో మొత్తం సిస్టమ్‌ని ఒక స్నాప్‌షాట్‌గా కట్టి, ఓపెన్‌క్యూఏ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని వర్చువల్ మెషీన్లలో ఇన్‌స్టాల్ చేసి, బూట్ చేసి, బటన్లు నొక్కి, తెరమీద రావాల్సిన బొమ్మ వచ్చిందో లేదో పోల్చి చూస్తుంది. అది దాటితేనే ఆ స్నాప్‌షాట్ టంబుల్‌వీడ్‌గా బయటికొస్తుంది, దాని వెర్షన్ నంబర్ కూడా తేదీయే. 2014లో ఫ్యాక్టరీనీ పాత టంబుల్‌వీడ్‌నీ కలిపినప్పటినుంచి ఇదే నడుస్తోంది. వారానికి పలుమార్లు వచ్చే ఆ అప్‌డేట్లు మరీ ఎక్కువ అనుకునేవాళ్లకి 2023లో స్లోరోల్ మొదలైంది: పెద్ద వెర్షన్ మార్పులు సుమారు నెలకోసారి, మధ్యలో సెక్యూరిటీ సవరణలూ ముఖ్యమైన బగ్ సవరణలూ మాత్రం ఆగకుండా వస్తాయి. "రోలింగే కావాలి కానీ రోజూ వద్దు" అనేవాళ్లకి ఈ రోజుల్లో నేను ముందు చూడమని చెప్పేది దీన్నే, అయితే ఇది ఇంకా చిన్న ప్రాజెక్టేనని గుర్తుపెట్టుకోండి.

డెబియన్ టెస్టింగ్‌ని రోలింగ్‌గా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అన్‌స్టేబుల్‌లోకి వచ్చిన ప్యాకేజీ దాని అర్జెన్సీని బట్టి 2, 5 లేదా 10 రోజులు ఆగుతుంది, ఆలోపు విడుదలని ఆపేంత పెద్ద బగ్ కొత్తగా రాకపోతే, ఆటోమేటిక్ పరీక్షల్లో వేరేదేదీ చెడకపోతే, దాని మీద ఆధారపడినవన్నీ కుదిరితే టెస్టింగ్‌లోకి దానంతట అదే వస్తుంది. వినడానికి ఇది అన్నిటికంటే పద్ధతిగా ఉంటుంది. కానీ రెండు చిక్కులు. స్టేబుల్ విడుదలకి ముందు కొన్ని నెలలు ఫ్రీజ్ ఉంటుంది, అప్పుడు టెస్టింగ్‌లో దాదాపు ఏమీ కదలదు. డెబియన్ 13 ట్రిక్సీ 2025 ఆగస్టు 9న వచ్చింది, అలాంటి విడుదల అయిన మర్నాటినుంచి అన్నాళ్లూ ఆగినవన్నీ ఒక్కసారిగా వరదలా వచ్చిపడతాయి. టెస్టింగ్ అత్యంత ప్రశాంతంగా ఉండేది ఫ్రీజ్ చివర్లో, అత్యంత గందరగోళంగా ఉండేది ఆ వెంటనే వచ్చే నెలల్లో. రెండో చిక్కు సెక్యూరిటీ, దాని సంగతి కిందికి వచ్చాక చూద్దాం.

జెంటూలో ఛానెల్ అనేది ప్యాకేజీకో విధంగా పెట్టుకునే కీవర్డ్. ఏఎమ్‌డీ64 (మామూలు 64-బిట్ పీసీలు) ముందు టిల్డా గుర్తు (~) ఉంటే పరీక్షలో ఉన్నది, గుర్తు లేనిది స్టేబుల్. మామూలుగా ఓ 30 రోజులు పెద్ద ఫిర్యాదు లేకుండా ఉంటే స్టేబుల్‌గా మార్చమని అడుగుతారు. సోలస్‌లో అన్‌స్టేబుల్‌నుంచి స్టేబుల్‌కి వారానికోసారి, శుక్రవారం పూట ప్యాకేజీలు దాటిస్తారు. వాయిడ్ తనని తాను స్థిరమైన రోలింగ్ అనే చెప్పుకుంటుంది, దానికి విడిగా నిదానం ఛానెల్ అంటూ లేదు.

నిక్స్‌ఓఎస్‌లో వీటిని అధికారికంగానే ఛానెల్స్ అంటారు. మే, నవంబర్ నెలల్లో 25.05, 25.11 అంటూ ఆరు నెలలకో విడుదల, పక్కన నిక్స్‌ఓఎస్-అన్‌స్టేబుల్ అనే రోలింగ్ ఛానెల్. పేరు చూసి బెదరక్కర్లేదు, హైడ్రా అనే బిల్డ్ సర్వర్‌లో నిర్ణయించిన పరీక్షలన్నీ దాటితే తప్ప ఆ ఛానెల్ ముందుకు జరగదు, ఏదైనా విఫలమైతే అది సరయ్యేదాకా ఛానెల్ అక్కడే నిలబడిపోతుంది.

ఏ పరీక్ష అయినా దానికి కనిపించేదాన్నే చూస్తుంది. ఓపెన్‌క్యూఏ ప్రధానంగా వర్చువల్ మెషీన్‌లో చూస్తుంది, మీ ల్యాప్‌టాప్ వైఫై చిప్‌నీ, మీ గ్రాఫిక్స్ కార్డునీ, సస్పెండ్ నుంచి లేస్తుందో లేదో అన్నదాన్నీ కాదు. వాటిని పట్టుకునేది మీకంటే ముందు ఆ అప్‌డేట్ వేసుకున్న మనుషులే, నిదానం ఛానెల్‌లో ఉండటమంటే వాళ్ల ఫిర్యాదులు మీకంటే ముందు చేరేలా చూసుకోవడమే.

ఆలస్యం ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం దీనికి మంచి పాఠం. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి వేరే మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వుకుంటూ వెళ్తే దొరికింది. అప్పటికే అది డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ (ఫెడోరా పరీక్షల శాఖ), టంబుల్‌వీడ్‌లకి చేరిపోయింది, డెబియన్ స్టేబుల్‌కి చేరలేదు. 5.6.0 వచ్చింది ఫిబ్రవరి చివర్లో, అంటే డెబియన్‌లో ఆ కొన్ని రోజులు ఆగడం కానీ, ఓపెన్‌క్యూఏ పరీక్షలు కానీ దీన్ని పట్టలేదు, పట్టే పని వాటిది కాదు కూడా. అదే నెలన్నర ఆగే ఛానెల్ అయితే బతికిపోయేది.

ఇందులో ఇంకో చిన్న సంగతి నాకు బాగా నచ్చుతుంది. పాత 5.4కి వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు డెబియన్ వాళ్లు ఆ ప్యాకేజీకి "5.6.1+రియల్లీ5.4.5" అని, ఓపెన్‌సూసే వాళ్లు "5.6.1.రివర్ట్‌టు5.4" అని వెర్షన్ పెట్టారు. లోపలున్నది పాతదే, నంబర్ మాత్రం ముందుకే. ప్యాకేజీ మేనేజర్లు (ప్యాకేజీల్ని ఎక్కించి, తీసే సాఫ్ట్‌వేర్లు) వెర్షన్ పెరగడాన్నే అప్‌డేట్‌గా చూస్తాయి కాబట్టి డిస్ట్రో నడిపేవాళ్లే వెనక్కి వెళ్లడానికి ఈ తిప్పలు పడాలి. మీరు ఛానెల్ కిందికి దిగడం ఎందుకు కష్టమో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఇక ఆలస్యం వల్ల నష్టం. బగ్గు ఆగినట్టే దానికి మందు కూడా ఆగుతుంది. బ్రౌజర్‌లోనో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోనో లోపం బయటపడి సవరణ వచ్చిందనుకోండి, డెబియన్ స్టేబుల్‌కి సెక్యూరిటీ టీమ్ నేరుగా పంపుతుంది, అన్‌స్టేబుల్‌కి మెయింటెయినర్ కొత్త వెర్షన్ పెడతాడు, టెస్టింగ్ మాత్రం ఆ అన్‌స్టేబుల్ ప్యాకేజీ దాటి వచ్చేదాకా కూర్చుంటుంది, దాని మీద వేరే లైబ్రరీ మార్పు ఏదైనా ఇరుక్కుంటే ఇంకా ఎక్కువే. అందుకే ఏ నిదానం ఛానెల్‌ని చూసినా నేను మొదట వెతికేది, సెక్యూరిటీ సవరణలకి విడిగా అడ్డదారి ఉందా అని. స్లోరోల్‌కి ఉంది. మంజారోలో కొన్నిటిని గుంపుకోసం ఆగకుండా త్వరగా పంపుతారు. డెబియన్ టెస్టింగ్‌లో ఉంటే మాత్రం బ్రౌజర్‌ని ఫ్లాట్‌పాక్‌నుంచో (డిస్ట్రో లైబ్రరీల మీద ఆధారపడకుండా ప్రోగ్రాములిచ్చే పద్ధతి), తయారీదారు రెపో నుంచో వాడుకోవడం తెలివైన పని.

మీ మెషీన్‌కి ఏది

కొత్తగా మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్ అయితే దానికి కొత్త కెర్నల్ (లినక్స్ గుండెకాయ), కొత్త మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్లు), కొత్త ఫర్మ్‌వేర్ (చిప్‌లలోకి ఎక్కే సాఫ్ట్‌వేర్) కావాలి, నిదానం ఛానెల్ అక్కడ అడ్డమే. పాత హార్డ్‌వేర్‌కి ఆ తొందర లేదు. ఎన్విడియా డ్రైవరో, జెడ్ఎఫ్ఎస్సో, వర్చువల్‌బాక్సో వాడుతుంటే, అంటే కెర్నల్ బయట తయారయ్యే మాడ్యూళ్లు ఉంటే, కొత్త కెర్నల్ వచ్చిన రోజే అవి దానికి సిద్ధంగా ఉండకపోవచ్చు. అప్పుడు ఆలస్యం నిజంగా పనికొస్తుంది, లేదా ఎల్‌టీఎస్ (చాలాకాలం సవరణలు అందే) కెర్నల్ మీద ఉండిపోండి, మిగతావన్నీ రోలింగ్‌లో ఉన్నా పర్లేదు. ఆర్చ్‌లో దానికి లినక్స్-ఎల్‌టీఎస్ అనే ప్యాకేజీ ఉంది, మామూలు కెర్నల్ పక్కనే పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే నిజాయితీగా ఆలోచించాల్సింది, మీరు ఎన్ని రోజులకోసారి అప్‌డేట్ చేస్తారు అని. నెలకోసారి మాత్రమే ఆ మెషీన్‌ని ముట్టుకునేవాళ్లు టంబుల్‌వీడ్ పెట్టుకుంటే నెల మార్పులన్నీ ఒకేసారి వస్తాయి, ఏది పాడుచేసిందో వెతకడం కష్టం. అలాంటివాళ్లకి స్లోరోల్ లాంటిదే నయం. ఇంకొకరికి, అంటే ఇంట్లో కంప్యూటర్ గురించి పట్టించుకోని మనిషికి పెట్టి ఇచ్చే మెషీన్ అయితే నన్నడిగితే రోలింగే వద్దు. సర్వర్‌కి కూడా అదే మాట, సెంటాస్ స్ట్రీమ్ లాంటివి రాబోయే రెడ్‌హ్యాట్ మైనర్ వెర్షన్‌కి కొంచెం ముందు నడుస్తాయి తప్ప ఆర్చ్ అర్థంలో రోలింగ్ కాదు, వాటి లెక్క వేరు.

మార్చే ముందు

బ్యాకప్ గురించి అందరూ చెప్తారు కాబట్టి హోమ్ ఫోల్డర్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి అన్నంతవరకే చెప్తాను. అసలు సమయం పెట్టాల్సింది స్నాప్‌షాట్ మీద, అంటే సిస్టమ్ ఈ క్షణాన ఎలా ఉందో అలాగే దాచి ఉంచే నకలు మీద (ఓపెన్‌సూసే విడుదల చేసే స్నాప్‌షాట్ వేరు). ఓపెన్‌సూసే మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే బీటీఆర్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్, స్నాప్‌షాట్లు తీసే స్నాపర్ రెండూ ముందే సిద్ధంగా ఉంటాయి, ప్రతి జిప్పర్ (ఓపెన్‌సూసే ప్యాకేజీ మేనేజర్) అప్‌డేట్‌కీ ముందొకటి వెనకొకటి స్నాప్‌షాట్ పడుతుంది, గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలోంచి పాతదానిలోకి బూట్ అవ్వొచ్చు. మిగతా చోట్ల స్నాపర్‌నో టైమ్‌షిఫ్ట్‌నో మీరే పెట్టుకోవాలి, ఈఎక్స్‌టీ4 అయితే టైమ్‌షిఫ్ట్‌ని ఆర్‌సింక్ పద్ధతిలో వాడాలి, నిదానమే కానీ పనిచేస్తుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. మీ ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ మొదలయ్యే డిస్క్ భాగం) ఎక్కడ మౌంట్ అయిందో చూడండి. ఆర్చ్ తరహా ఇన్‌స్టాళ్లలో అది నేరుగా బూట్ ఫోల్డర్ మీదే మౌంట్ అయి ఉండటం మామూలు, అంటే కెర్నల్ ఫైలు ఫ్యాట్ పార్టిషన్ మీద, దాని మాడ్యూళ్లు మాత్రం రూట్ పార్టిషన్ మీద ఉంటాయి. స్నాప్‌షాట్ పట్టేది రూట్‌ని మాత్రమే. రేపు రూట్‌ని వారం వెనక్కి తిప్పితే పాత మాడ్యూళ్లు, కొత్త కెర్నల్, రెండూ జతపడవు, బూట్ సగంలో ఆగుతుంది, మీకేమో స్నాప్‌షాటే పనిచేయలేదనిపిస్తుంది. పరిష్కారాలు రెండు: ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చి కెర్నల్‌ని రూట్ మీదే ఉంచడం, లేదా ప్రతి అప్‌డేట్‌కీ ముందు బూట్ ఫోల్డర్‌ని రూట్‌లో ఒక మూలకి కాపీ చేసే హుక్ (దానంతట అదే నడిచే చిన్న స్క్రిప్ట్) పెట్టుకోవడం. ఏది చేసినా, ఛానెల్ మార్చకముందే ఒకసారి కావాలని రోల్‌బ్యాక్ చేసి చూడండి. పనిచేయని రోల్‌బ్యాక్ గురించి ఇబ్బందిలో పడ్డాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

వీటితో పాటు ఒక లైవ్ యూఎస్‌బీ చేతిలో ఉండాలి, ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల జాబితా ఒక ఫైల్లో ఉండాలి (ఆర్చ్ కుటుంబంలో "ప్యాక్‌మ్యాన్ -క్యూక్యూఈ", మొదటి క్యూ పెద్దక్షరం, డెబియన్‌లో "డీపీకేజీ --గెట్-సెలక్షన్స్"), బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉండాలి. ఖాళీ లేక కెర్నల్ సగమే రాసిన సిస్టమ్ కూడా బూట్ అవ్వదు, దానికి ఏ ఛానెలూ కారణం కాదు.

మార్చడం

మంజారోలో ఏ బ్రాంచ్‌లో ఉన్నారో "ప్యాక్‌మ్యాన్-మిర్రర్స్ --గెట్-బ్రాంచ్" చెప్తుంది. మార్చడానికి "ప్యాక్‌మ్యాన్-మిర్రర్స్ --ఏపీఐ --సెట్-బ్రాంచ్ టెస్టింగ్", తర్వాత మిర్రర్ల (ప్యాకేజీలు దించుకునే సర్వర్ల) జాబితా కొత్తగా కట్టడానికి "ప్యాక్‌మ్యాన్-మిర్రర్స్ --ఫాస్ట్‌ట్రాక్ 5", ఆఖర్న "ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వైయూ" (ఎస్ పెద్దక్షరం, మిగతావి చిన్నవి). కిందికి దిగేటప్పుడు బ్రాంచ్ పేరు స్టేబుల్ అని పెట్టి, ఈసారి వై, యూ రెండూ రెండేసి సార్లు కొట్టాలి, "-ఎస్‌వైవైయూయూ". రెండో యూ వల్లే రెపోలో పాత వెర్షన్ ఉన్నా దానికి దించుతుంది, అది లేకపోతే కొత్తవి అలాగే ఉండిపోయి రెండు బ్రాంచ్‌ల కిచిడీ తయారవుతుంది. దించినంత మాత్రాన మీ సెట్టింగుల ఫైళ్లు వెనక్కి రావు, కొత్త డెస్క్‌టాప్ వెర్షన్ హోమ్‌లో రాసిన కాన్ఫిగ్‌ని పాతది సరిగ్గా చదవలేకపోవచ్చు. డేటాబేస్ సర్వర్ల విషయంలో అయితే ఇది ఇంకా ప్రమాదం.

టంబుల్‌వీడ్ నుంచి స్లోరోల్‌కి వెళ్లాలంటే పాత రెపోల్ని ఆపేసి స్లోరోల్‌వి పెట్టుకుని "జిప్పర్ డప్". స్లోరోల్ వెనక నడుస్తుంది కాబట్టి చాలా ప్యాకేజీలు కిందికి దిగుతాయి, డప్ రెపోలో ఏముంటే దానికే తెస్తుంది, పాతదైనా సరే. ఈ రెండు ఛానెళ్లలో మామూలు అప్‌డేట్‌కి కూడా డప్పే వాడాలి, "జిప్పర్ అప్" కాదు, ఎందుకంటే అప్ విడివిడి ప్యాకేజీలని చూస్తుంది, డప్ సిస్టమ్ మొత్తాన్ని ఒక స్నాప్‌షాట్‌కి సరిపోల్చుతుంది. ప్యాక్‌మన్ అనే బయటి రెపో (ఆర్చ్ ప్యాక్‌మ్యాన్ కాదు) నుంచి వీడియో కోడెక్‌లు తెచ్చుకుని ఉంటే ఆ రెపోని కూడా స్లోరోల్‌కి తగినదానికి మార్చుకోండి, చాలా గొడవలు అక్కడే పుడతాయి. ఇంత పెద్ద మార్పు డెస్క్‌టాప్‌లోని టెర్మినల్ విండోలో చేయకండి. మధ్యలో డెస్క్‌టాప్ కూలితే టెర్మినల్ కూడా పోతుంది, అప్‌డేట్ సగంలో ఆగుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి చేయండి, లేదా కనీసం టీమక్స్‌లో (విండో పోయినా లోపలి పని ఆగని టెర్మినల్).

డెబియన్‌లో సోర్సెస్ ఫైల్ తెరిచి ట్రిక్సీ అని ఉన్నచోట టెస్టింగ్ అని రాసి, బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ కోసం మళ్లీ కట్టిన కొత్త వెర్షన్ల రెపో) తీసేసి, "ఆప్ట్ అప్‌డేట్", "ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్". సెక్యూరిటీ రెపో ఉన్న చోట కూడా మార్చడం మర్చిపోవద్దు. ఇక్కడ పేరు జాగ్రత్త: టెస్టింగ్ అని రాస్తే ఎప్పటికీ రోలింగే, రాబోయే విడుదల పేరు ఫోర్కీ అని రాస్తే ఇప్పుడు టెస్టింగ్‌లో ఉంటారు, అది విడుదలయ్యాక మీరూ స్టేబుల్‌లో స్థిరపడతారు. చాలామందికి నిజంగా కావాల్సింది రెండోదే. అలాగే స్టేబుల్ అనే మాటే రాసి ఉంచితే, కొత్త విడుదల వచ్చిన రోజు మామూలు అప్‌డేట్ అనుకుని కొట్టిన కమాండ్ మిమ్మల్ని మొత్తం కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లే ప్రయత్నం చేస్తుంది, కోడ్‌నేమ్ రాసుకోవడమే మంచిది. టెస్టింగ్ నుంచి స్టేబుల్‌కి దిగడాన్ని డెబియన్ సపోర్ట్ చేయదు. పిన్ ప్రయారిటీ (ఏ రెపోకి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకె) 1000 దాటిస్తే ఆప్ట్ దించడానికి ఒప్పుకుంటుంది నిజమే, కానీ ప్యాకేజీల స్క్రిప్టులు ఆ దిశలో నడవడానికి రాసినవి కావు.

నిక్స్‌ఓఎస్‌లో రూట్‌గా "నిక్స్-ఛానెల్ --యాడ్" అని ఛానెల్ చిరునామా ఇచ్చి, దానికి నిక్స్‌ఓఎస్ అనే పేరు పెట్టి, "నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ స్విచ్ --అప్‌గ్రేడ్". నచ్చకపోతే బూట్ మెనూలో పాత జనరేషన్ (సిస్టమ్ పాత అమరిక) ఎంచుకోండి, లేదా "నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ స్విచ్ --రోల్‌బ్యాక్" కొట్టండి. కాన్ఫిగరేషన్‌లో ఉండే స్టేట్‌వెర్షన్ అనే విలువని మాత్రం ఛానెల్ మార్చినప్పుడల్లా పెంచకండి, అది మీరు మొదట ఏ వెర్షన్‌తో ఇన్‌స్టాల్ చేశారో గుర్తుపెట్టుకునేది, అలాగే ఉండాలి. దిగడం ఇంత సులువుగా ఉన్న డిస్ట్రో మరొకటి నాకు తెలీదు, అయితే ఇక్కడ కూడా డేటాబేస్‌లోని డేటా వెనక్కి రాదు.

కలపకండి

ఒక్క ప్రోగ్రామ్ కొత్తది కావాలని స్టేబుల్ మీద ఉంటూనే దాన్ని ఒక్కదాన్నీ పై ఛానెల్ నుంచి లాగడం, లేదా ఆర్చ్‌లో "ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వై" అని ప్యాకేజీ పేరు ఇచ్చి, చివర యూ లేకుండా ఇన్‌స్టాల్ చేయడం. ఆర్చ్ దీన్ని పాక్షిక అప్‌గ్రేడ్ అంటుంది, సపోర్ట్ లేదని తెగేసి చెప్తుంది. కారణం సింపుల్: ఒక లైబ్రరీ వెర్షన్ మారినప్పుడు దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటినీ దానితో మళ్లీ కంపైల్ చేసి ఒకేసారి పంపుతారు. మీరు ఒక్క ప్రోగ్రామ్‌నే తెస్తే దానితో పాటు కొత్త లైబ్రరీ దిగుతుంది, పాత లైబ్రరీని నమ్ముకున్న మిగతావన్నీ తెరుచుకోవు. మంజారో స్టేబుల్ మీద ఏయూఆర్ (ఆర్చ్ వాడేవాళ్లు రాసి పంచుకునే చోటు) ప్యాకేజీలతో వచ్చే చిక్కు కూడా ఇదే, అవి ఆర్చ్‌లో ఇప్పుడున్న లైబ్రరీల్ని చూసి రాసినవి, మీ దగ్గరున్నవి కొన్ని వారాల పాతవి. డెబియన్‌లో పిన్నింగ్‌తో కొంతవరకు కలపొచ్చు, కానీ దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే లిబ్‌సీ6ని కూడా లాగబోతోందని ఆప్ట్ చూపిస్తే అక్కడే వద్దని చెప్పి బయటికి రండి.

జెంటూ, నిక్స్‌ఓఎస్ ఈ విషయంలో మినహాయింపు. జెంటూలో ప్రోగ్రామ్ మీ దగ్గరున్న లైబ్రరీలతోనే కంపైల్ అవుతుంది కాబట్టి ప్యాకేజ్ డాట్ యాక్సెప్ట్ కీవర్డ్స్ ఫైల్లో ఒక్కదాని పేరు రాసి దాన్నొక్కదాన్నీ ముందుకు నడపొచ్చు. నిక్స్‌లో ప్రతి ప్యాకేజీ తన లైబ్రరీల్ని తనతోనే తెచ్చుకుంటుంది, రెండు ఛానెళ్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి తగలవు. మిగతా డిస్ట్రోల్లో ఒక్క ప్రోగ్రామే కావాలంటే ఫ్లాట్‌పాకో కంటెయినరో వాడండి.

రోజువారీ

అప్‌డేట్ కొట్టే ముందు డిస్ట్రో వార్తల పేజీ ఒక్క నిమిషం చూడండి. 2025 జూన్‌లో ఆర్చ్ లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని ముక్కలు చేసినప్పుడు, ఎన్విడియా ఫర్మ్‌వేర్ ఫైళ్లు ముందే ఉన్నాయంటూ అప్‌డేట్ ఆగిపోయింది. ముందు ఆ ప్యాకేజీని తీసేసి తర్వాత మొత్తం అప్‌డేట్ చేయమని వార్తల్లో రెండు కమాండ్లతో రాసి ఉంది. చదివినవాళ్లకి నిమిషం పని, చదవనివాళ్లు ఎర్రర్ చూసి బలవంతంగా ఓవర్‌రైట్ చేయబోయారు. 2022 ఆగస్టు గ్రబ్ గొడవ కూడా ఇలాంటిదే, కొత్త గ్రబ్ ప్యాకేజీ వచ్చింది, కాన్ఫిగ్ కొత్తగా తయారైంది, డిస్క్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న బూట్‌లోడర్ మాత్రం పాతదే, ఆర్చ్ మీద కట్టిన డిస్ట్రోల్లో చాలామంది మెషీన్లు లేవలేదు. గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయితే గ్రబ్-ఇన్‌స్టాల్‌ కూడా మళ్లీ నడపాలని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

అప్‌డేట్ చూపించే జాబితాలో కొత్తగా వచ్చేవాటి కంటే తీసేసేవాటిని చదవండి. మీ డెస్క్‌టాప్ పేరో, నెట్‌వర్క్‌మేనేజరో ఆ వరుసలో కనిపిస్తే ఆపేసి రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నించండి, సాధారణంగా పైన ఏదో సగంలో ఉందని అర్థం. డెబియన్ టెస్టింగ్ వాళ్లయితే ఆప్ట్-లిస్ట్‌బగ్స్ పెట్టుకోండి, ఇన్‌స్టాల్‌కి ముందే పెద్ద బగ్గులేవో చూపించి అడుగుతుంది.

ఆర్చ్‌లో కెర్నల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ వాయిదా వేస్తే, నడుస్తున్న కెర్నల్ మాడ్యూళ్లు డిస్క్ మీంచి పోయి ఉంటాయి, అప్పుడు పెట్టిన యూఎస్‌బీ డ్రైవ్ మౌంట్ కాదు, వీపీఎన్ లేవదు, అప్‌డేట్ చెడిందనుకుంటారు. రీబూట్ చేయండి, చాలు. ఓపెన్‌సూసే పాత కెర్నల్‌ని ఉంచుతుంది, అక్కడ "జిప్పర్ పీఎస్ -ఎస్" ఏ ప్రోగ్రాములు పాత ఫైళ్లతో నడుస్తున్నాయో చెప్తుంది. ప్యాక్‌న్యూ, ఆర్‌పీఎమ్‌న్యూ అనే కొసలతో మిగిలే కాన్ఫిగ్ ఫైళ్లని నెలకోసారైనా చూడండి, ఆర్చ్‌లో ప్యాక్‌డిఫ్ దానికే ఉంది.

పాడైనప్పుడు

ముందు బూట్ మెనూలో పాత కెర్నలో ఎల్‌టీఎస్సో ఎంచుకోండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. కాకపోతే స్నాప్‌షాట్. ఓపెన్‌సూసేలో గ్రబ్ నుంచి రీడ్-ఓన్లీ స్నాప్‌షాట్‌లోకి వెళ్లి, అంతా బాగుందనిపిస్తే "స్నాపర్ రోల్‌బ్యాక్" కొట్టి రీబూట్ చేయాలి, రోల్‌బ్యాక్ కొట్టకుండా వదిలేస్తే తర్వాతి బూట్‌లో మళ్లీ చెడినదానికే వస్తారు. ఒక్క ప్యాకేజీయే దోషి అని తేలితే ఆర్చ్‌లో కాష్ ఫోల్డర్‌లో దాని పాత ఫైల్ ఉంటుంది, "ప్యాక్‌మ్యాన్ -యూ" (పెద్దక్షరం) అని దాని పేరిస్తే దిగుతుంది, అందుకే కాష్‌ని పూర్తిగా ఖాళీ చేయకుండా ప్యాక్‌కాష్‌తో ఊడ్చండి, అది మూడేసి వెర్షన్లు ఉంచుతుంది. తర్వాత ఆ ప్యాకేజీని కదలకుండా పట్టి ఉంచడానికి ఆర్చ్‌లో ఇగ్నోర్‌పీకేజీ, జిప్పర్‌లో యాడ్‌లాక్, డెబియన్‌లో "ఆప్ట్-మార్క్ హోల్డ్". ఈ తాళం ఎందుకు వేశారో, ఏ బగ్ సరయితే తీయాలో ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఆ తాళమే పాక్షిక అప్‌గ్రేడ్‌గా మారి వేరేదాన్ని పడగొడుతుంది.

చాలాకాలం ఆపేసి ఉంచిన మెషీన్‌ని తీసినప్పుడు ప్యాకేజీల సంతకాల్ని సరిచూసే కీలు పాతబడి ఉంటాయి, ప్యాకేజీ చెడిపోయిందంటూ ప్యాక్‌మ్యాన్ గొడవ చేస్తుంది. ఆర్చ్‌లో ముందు "ప్యాక్‌మ్యాన్ -ఎస్‌వై ఆర్చ్‌లినక్స్-కీరింగ్" కొట్టి, మధ్యలో వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా వెంటనే "-ఎస్‌యూ" కొట్టండి. టంబుల్‌వీడ్‌లో ఎన్ని నెలలైనా ఒక్క డప్‌తోనే ముందుకు రావచ్చు, కానీ డౌన్‌లోడ్ కొన్ని వేల ప్యాకేజీలు కావచ్చు, రూట్ పార్టిషన్‌లో స్నాప్‌షాట్లు ఎంత చోటు తింటున్నాయో ముందే చూసి పాతవి తీసేశాక మొదలుపెట్టండి.